సమాధానం: ఫ్లోరైడ్ సర్వేకు క్లినిక్ డాక్టర్లు జవాబిస్తలేరు

మెయిల్ పంపుడే దెబ్బ కొట్టింది అన్నా. ఫ్లోరైడ్ సర్వేకు పేషెంట్లను కలుపుమని నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల 40 మంది క్లినిక్ డాక్టర్లకు పంపితే ఒక్కరు పలకలే అన్నవ్ గదా, వాళ్లు వద్దనలే, అసలు చూడనేలే. పొద్దుగాల నుంచి ఓపీ, టోకెన్లు పట్టుకొని బయట మంది, నీ మూడు పేజీల పీడీఎఫ్ ఎవలు తెరుస్తరు.

1. ఓపీ అయినంక మనిషే పోవాలె. ఏ టైంకు ఖాళీ ఉంటడో ముందుగాల కాంపౌండర్‌ను అడుగు.

2. అందరు మర్చిపోయేది గిదే: డాక్టర్ మీద ఎంత పని పడ్తదో ఒక్క కాగితం మీద రాయి. ఎంతమంది పేషెంట్లు, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు, ఫారం నింపేది ఎవలు. "సహకరించగలరు" అంటే ఏం సమజ్ గాదు. నేను షుగర్ సర్వేకు తిరిగినప్పుడు "ఫారం మేమే నింపుకుంటం సార్, మీరు పేషెంట్‌కు ఈ చీటీ ఇస్తే చాలు" అన్నంకనే ఒకాయన కళ్లద్దాలు తీసి కూసోమన్నడు, అప్పటిదాంక నిలవెట్టే మాట్లాడిండు.

3. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు అడగకు, ఇయ్యరు, ఇయ్యొద్దు గూడ. చీటీ చూసి ఇష్టమున్నోళ్లే నీకు ఫోన్ చేస్తరు, సమ్మతి సంతకం అప్పుడు తీసుకో.

4. ఎథిక్స్ కమిటీ (పరిశోధనల పేషెంట్లకు నష్టం గాకుండ చూసే కమిటీ) అప్రూవల్ జిరాక్స్ దగ్గర పెట్టుకో. రేపు మందు ఇచ్చి చూసే ట్రయల్ చేస్తే మాత్రం మొదటి పేషెంట్‌ను తీసుకోకముందే సీటీఆర్ఐల (మన దేశంల ట్రయల్స్ నమోదు చేసే సర్కారు రిజిస్ట్రీ) రిజిస్టర్ చేయాలె.