చెవికి పెట్టుకునే ముందు

చిట్టీ,

నువ్వు సొంతంగా హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకరు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారని ఎంత సంబరపడ్డానో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చు మోయ్ అనే ఆయన డిజైన్ ఎంచుకున్నావట, మంచి పని చేశావు. ఎనిమిది కాళ్ల ఐసీ (చిప్పు) ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే సామాను దొరుకుతుంది. అందులో వేసే ఐసీ ఓపీఏ2134కి నకిలీలు ఎక్కువ, నమ్మకమైన చోటే కొను. ఐసీని నేరుగా అతికించకు, సాకెట్ వెయ్యి. కెపాసిటర్ల ప్లస్సు, మైనస్సు చూసుకో.

మీ బాబాయికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు కదా, వయసు వల్ల అనుకుంటున్నారు మీరంతా. కాదమ్మా. ఇంటర్ చదివేటప్పుడు వాడు ఎల్ఎం386 అనే ఐసీతో రేడియోకి ఇలాంటిదే కట్టాడు. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే ఆ ఐసీ గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది, 20 నుంచి 200కి పోతుంది. సౌండు దద్దరిల్లాలని వేశాడు. వాల్యూమ్ కంట్రోల్ గ్రౌండ్ (సర్క్యూట్లో సున్నా వోల్టుగా లెక్కించే చోటు) కాలి దగ్గర సోల్డర్ బూడిదరంగు ముద్దలా కూర్చుంది గానీ తీగను పట్టుకోలేదు. వాడు అది చూడలేదు. హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకుని, ఆ తర్వాత స్విచ్ వేశాడు.

గ్రౌండ్ ఊడిన వాల్యూమ్ కంట్రోల్ ఎంత తిప్పినా సౌండు తగ్గదు. వాడేమో కేకలు పెడుతూ నాబ్ తిప్పుతూనే ఉన్నాడు. హెడ్‌ఫోన్ లాగెయ్యాలని తోచలేదు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి బ్యాటరీ తీగ పీకాను. ఎడమ చెవిలో ఈల మోగుతోందన్నాడు. నాన్నగారు కొడతారని ఇంట్లో నోరు విప్పలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఈల ఇవాళ్టికీ ఆగలేదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలుంటాయి, మనిషికి అవి పోతే మళ్లీ పుట్టవు. వాడు సంగీతం మానేసింది అప్పుడే. ఎంత బాగా పాడేవాడో నువ్వు విననే లేదు.

నీదీ వాడి ఆత్రమే. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని పాత రేడియో స్క్రూలు విప్పేదానివి, ఒక్కటీ తిరిగి బిగించేదానివి కాదు. అందుకే గట్టిగా చెప్తున్నాను, గెయిన్ తగ్గించు. ఆ డిజైన్‌లో 10 కిలోఓమ్, 1 కిలోఓమ్ రెసిస్టర్లు వేస్తారు, అంటే 11 రెట్లు. నీ 32 ఓమ్ ఇయర్‌ఫోన్‌కి అంత దేనికే? 10 బదులు 2.2 వెయ్యి, 3.2 రెట్లు చాలు. నాబ్ కాస్త కదిలిస్తే మోత పుట్టదు, నెమ్మదిగా పెరుగుతుంది.

ఐసీ పెట్టకముందు సాకెట్లో 8వ కాలికీ 4వ కాలికీ మధ్య 9 వోల్టులు, నడిమి గ్రౌండ్‌కి అటూ ఇటూ నాలుగున్నర రావాలి. ఆ గ్రౌండ్ బ్యాటరీని సగానికి పంచి తెచ్చుకున్నది. రేకు డబ్బాలో బిగిస్తే ఇయర్‌ఫోన్ గుచ్చే జాక్ ప్లాస్టిక్‌దే వాడు. జాక్ బాడీ డబ్బాకి తగిలి, బ్యాటరీ మైనస్ కూడా తగిలిందా, సగం బ్యాటరీ షార్టే. బ్యాటరీ బదులు అడాప్టర్ జోలికి అసలు పోకు. దాని మైనస్, లాప్‌టాప్ గ్రౌండ్ ఎక్కడైనా కలిశాయంటే అదే గొడవ.

వినేటప్పుడు కూడా హద్దు ఉంచుకో. 85 డెసిబెల్స్‌కి రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమైపోతుంది.

సాకెట్లో వోల్టులు సరిగ్గా వస్తే, బ్యాటరీ తీసి ఐసీ పెట్టు, మళ్లీ తగిలించి, పాట ఏదీ ఇవ్వకుండా అవుట్‌పుట్‌లో డీసీ (మారకుండా నిలిచుండే వోల్టేజీ) కొలువు. కొద్ది మిల్లీవోల్టులుంటే ఫర్వాలేదు, 20 దాటితే ఆపెయ్యి. ఎడమ ఎంతో, కుడి ఎంతో నాకు పంపు. బోర్డు పైభాగం ఫోటో కాదు, సోల్డర్ వేసిన కింది వైపు దగ్గరగా తీసి పెట్టు. నేను చూసి సరే అన్నాక కూడా మొదట చవకరకం ఇయర్‌ఫోన్ గుచ్చి బల్ల మీద పెట్టి విను. అప్పటిదాకా చెవి దగ్గరికి తీసుకెళ్లావో, నేను బస్సెక్కి వచ్చేస్తాను.

మీ అత్త