ప్రత్యక్షంలో దాగిన అనుమానం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మన కళ్లకు కనిపించేది బయటి ప్రపంచం కాదని, అది మెదడు తయారు చేసుకున్న బొమ్మ మాత్రమేనని ఒక ఉపన్యాసంలో విన్నాను. కిటికీలోంచి వేపచెట్టు ఆకులతో సహా కనిపిస్తూ ఉంటే ఈ మాటను ఎలా నమ్మాలి? (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: వేపచెట్టు ఉంది, దాని గురించి దిగులు పడనవసరం లేదు. అయితే అది మీకు కనిపించే తీరులో మీ మెదడు సొంతంగా చేర్చినది ఎంతో కొంత ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక తెల్ల కాగితం, పెన్ను చాలు. కాగితం మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి కుడివైపున 8 సెంటీమీటర్ల దూరంలో మినపగింజంత నల్లని చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటి చూపును కూడిక గుర్తు మీదనే నిలిపి, కాగితాన్ని ముఖానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని నెమ్మదిగా ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట చుక్క మాయమవుతుంది. అక్కడ గుంట గానీ మసక గానీ కనిపించవు, కాగితపు తెలుపే కనిపిస్తుంది. ఇప్పుడు ఆ చుక్క మీదుగా పది సెంటీమీటర్ల నిలువు గీత గీసి మళ్లీ ప్రయత్నించండి. చుక్క పోతుంది, గీత మాత్రం ఎక్కడా తెగకుండా సాగిపోయినట్టు కనిపిస్తుంది. ఆ నడిమి ముక్కను మీ కన్ను చూడలేదు.

కంటి లోపల వెనుక గోడకు పరుచుకుని వెలుగును గ్రహించే పొరను నేత్రపటలం (రెటీనా) అంటారు. దాని నుంచి సుమారు పది లక్షల నాడీ తంతువులు ఒక కట్టగా కంటిని వదిలి వెళ్లే చోట కాంతిని గ్రహించే కణాలు ఉండవు. దానినే మన పాఠ్యపుస్తకాలు అంధచుక్క అంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్మే మారియట్ 1660లలో దీనిని బయటపెట్టేవరకు, ప్రతి మనిషికీ చూపులో ఇంత లోపం ఉన్న సంగతి లోకానికి తెలియదు. అది ఎవరికీ తెలియకపోవడంలోనే మెదడు పనితనం ఉంది.

అంతేకాదు, అక్షరాలు చదవగలిగేంత నిశితమైన చూపు నేత్రపటలం నడుమ ఉన్న చిన్న ప్రాంతానికే ఉంటుంది. చేయి చాచి పట్టుకుంటే అది బొటనవేలి గోరంత మేర మాత్రమే. ఆ కొద్దిపాటి చూపును కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు అటూ ఇటూ విసురుతూ ఉంటుంది. ఆ విసురులో దృశ్యమంతా అలికినట్టు కావాలి, కానీ ఆ అలుకుడు మనకు తెలియనివ్వకుండా మెదడు అణచివేస్తుంది. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటినీ కుడి కంటినీ మార్చి మార్చి చూసుకోండి, మీ కళ్లు కదలడం మీకు ఎన్నటికీ కనిపించదు. పక్కన నిలబడిన మీ చెల్లెలికి మాత్రం కనిపిస్తుంది.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1860లలోనే చూపును మనకు తెలియకుండా జరిగే అనుమానంగా వివరించాడు. ఇక్కడ అనుమానం అంటే సందేహం అని కాక, తర్కశాస్త్రం వాడే అర్థం తీసుకోవాలి. పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం అనుమానం, నిప్పునే చూడడం ప్రత్యక్షం అని మన తార్కికులు రెండింటినీ వేరువేరు ప్రమాణాలుగా, అంటే తెలుసుకునే మార్గాలుగా, పెట్టారు. హెల్మ్‌హోల్ట్జ్ మాట నిజమైతే, ఆ ప్రత్యక్షం లోపలే ఒక అనుమానం కూర్చుని ఉంది. కంటికి అందే వెలుగు పొగ వంటిది, వేపచెట్టు మెదడు తేల్చిన నిప్పు. అది దాదాపు ఎప్పుడూ సరైన తేల్పే కాబట్టి మనం కొమ్మలకు తల తగలకుండా నడవగలుగుతున్నాము.

ప్రశ్న: విజయవాడ స్టేషన్‌లో ఆగి ఉన్న రైలులో కూర్చున్నప్పుడు పక్క లైనులోని రైలు కదిలితే మా రైలే కదిలినట్టు ఒళ్లు కూడా ఊగుతుంది. కారణం ఏమిటి? (గృహిణి, ఏలూరు)

జవాబు: కిటికీ నిండా ఉన్న దృశ్యమంతా ఒకేసారి ఒకవైపు జరిగితే, కదిలింది మనమేనని మెదడు తీర్పు చెబుతుంది. కొండలూ గోడలూ కట్టకట్టుకుని కదలడం లోకంలో జరగదు కాబట్టి, రైళ్లు పుట్టకముందు ఆ తీర్పులో తప్పు దొర్లే అవకాశం చాలా తక్కువ. దానిని కాదనడానికి లోపలి చెవిలో శరీర కదలికను కనిపెట్టే ఏర్పాటు ఒకటి ఉంది. కానీ వేగంలో వచ్చే మార్పును మాత్రమే అది పసిగడుతుంది, ఒకే వేగంతో సాగే ప్రయాణంలో అది మౌనంగా ఉంటుంది, రైలు మెల్లగా కదిలితే అప్పుడూ గట్టిగా చెప్పలేదు. కాబట్టి కన్ను చెప్పినదే చెల్లుతుంది. రెండో వైపు కిటికీలోంచి ప్లాట్‌ఫాం స్తంభాన్నో టీ బండినో ఒక్కసారి చూడండి, మీ రైలు ఠక్కున ఆగిపోతుంది.

ప్రశ్న: మా నాయనమ్మకు 82 ఏళ్లు. నీటికాసుల వల్ల రెండు కళ్లలోనూ చూపు బాగా తగ్గింది. ఆరు నెలలుగా సాయంత్రం పూట వరండాలో పట్టు పరికిణీలు కట్టుకున్న చిన్నపిల్లలు వరుసగా కూర్చున్నారని, గోడ మీద ఎవరో ముగ్గులు వేశారని చెబుతోంది. గాలి సోకిందని ఇంట్లో పెద్దవాళ్లు తాయెత్తు కట్టించారు. మతి తప్పుతోందేమోనని నా భయం. (ఉద్యోగిని, నల్గొండ)

జవాబు: ముందు మీ నాయనమ్మ గారి పక్కన నింపాదిగా కూర్చుని మూడు విషయాలు అడగండి. ఆ పిల్లలు మాట్లాడతారా? ఆవిడ పలకరిస్తే బదులిస్తారా? వాళ్లు నిజంగా అక్కడ లేరన్న సంగతి ఆవిడకు తెలుసా? పిల్లలు మౌనంగా ఉంటారని, వాళ్లు లేరని తనకూ తెలుసునని ఆవిడ చెబితే, మీ ఉత్తరంలోని వర్ణన అంతా చార్ల్స్ బోనే సిండ్రోమ్ అనే స్థితికి బాగా సరిపోతుంది. చూపు తగ్గిన పెద్దవారిలో ఇది మనం అనుకునేంత అరుదు కాదు. పిచ్చివాళ్లంటారన్న భయంతో చాలామంది పైకి చెప్పరు, మీ నాయనమ్మ గారు చెప్పడం మంచిదైంది.

జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్ల్స్ బోనే 1760లో తన తాతగారి అనుభవాన్ని రాశాడు. తొంభై ఏళ్లకు దగ్గరలో ఉన్న ఆ పెద్దాయనకు శుక్లాల వల్ల చూపు దెబ్బతింది. మతి మాత్రం చక్కగా ఉండేది. ఆయనకు మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవి, అవి నిజం కావని ఆయన ఎరిగే ఉండేవాడు. ఈ స్థితిలో చక్కని దుస్తులు వేసుకున్న చిన్న ఆకారాలు, గళ్లు, అల్లికలు, రేఖల నమూనాలు తరచుగా కనిపిస్తాయి. ఆ నమూనాలకు మన ఇళ్లలో ముగ్గులు అనే పేరు రావడం సహజమే.

కారణం తెలిస్తే భయం సగం పోతుంది. కంటి నుంచి వార్తలు రావడం తగ్గినా, చూపు కోసం మెదడులో ఉన్న పెద్ద యంత్రాంగం పని మానదు. కన్ను పంపే వెలుగు చాలినంత ఉన్నప్పుడు అది మెదడు ఊహలను ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ ఉంటుంది. ఆ అదుపు సడలినప్పుడు ఊహలు తమంతట తామే బొమ్మ కడతాయి. సాయంత్రం మసక వెలుగులో అవి ఎక్కువ కావడానికీ ఇదే కారణం. 1998లో లండన్‌లో పరిశోధకులు ఇలాంటి రోగుల మెదడును స్కాన్ చేస్తూ పరిశీలించినప్పుడు, రంగులు కనిపించిన వారిలో రంగులను గుర్తించే ప్రాంతం, ముఖాలు కనిపించిన వారిలో ముఖాలను గుర్తించే ప్రాంతం చురుగ్గా ఉన్నట్టు తేలింది. అంటే ఆవిడ ‘కనిపిస్తున్నారు’ అన్నప్పుడు అబద్ధమాడడం లేదు. ఎదురుగా పిల్లలను చూసేటప్పుడు మెదడులో జరిగే పనిలో చాలా భాగం, ఎదురుగా ఎవరూ లేకుండానే జరుగుతోంది.

అయినా ఒక పత్రికా శీర్షిక చదివి రోగనిర్ణయం చేయడం తగదు. కంటి వైద్యునికీ, ఆవిడను ఎప్పుడూ చూసే వైద్యునికీ ఈ సంగతి చెప్పండి. ఆ ఆకారాలు మాట్లాడుతున్నా, ఆవిడ వాటిని నిజమని నమ్ముతున్నా, తేదీలూ మనుషులూ మరచిపోతున్నా, చేతులు వణుకుతున్నా, కొత్త మందు మొదలైన తరువాతనే ఇది వచ్చినా నాడీ వైద్యునికి తప్పక చూపించాలి. ఇంట్లో చేయదగినవి చిన్నవే. దీపాలు వేళకు ముందే వేయండి, బొమ్మలు కనిపించినప్పుడు కళ్లు ఆర్పడం, చూపును అటూ ఇటూ తిప్పడం అలవాటు చేయించండి. చాలామందికి వాటితోనే ఆ బొమ్మలు చెదిరిపోతాయి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, నీటికాసులకు వేసే కంటి చుక్కలు మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు.

ప్రశ్న: మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. నిజంగా అక్కడ వేడి పుడుతుందా? (మిరప రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: పుట్టదు. నాలుక కింద థర్మామీటరు పెట్టి చూసినా మంటకు తగిన వేడి కనిపించదు. మన నాడుల చివర్లలో సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే ఒక ప్రోటీను ద్వారం ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ అదే ద్వారాన్ని మామూలు వేడి వద్దనే తెరుస్తుంది. ఏ చేయి తలుపు తీసిందో మెదడుకు తెలియదు. తలుపు తెరుచుకుంటే కాలుతోందనే దానికి అర్థం, అందుకే నుదుటికి చెమట పట్టించి ఒంటిని చల్లబరచే పని మొదలుపెడుతుంది. ఈ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచి ఇచ్చారు. నిప్పు మంటకూ కారం మంటకూ మన భాషలో ఒకే మాట ఉండడం చూస్తే, మన నాలుకలు ఆ సంగతిని ముందే పసిగట్టాయని చెప్పాలి.

క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. చెంబెడు నీళ్లు తాగినా తగ్గని మంట పెరుగన్నంతో తగ్గుతుంది. ఇక మీ చేలో వాలే రామచిలుకల సంగతి: పక్షులలో ఆ ద్వారం క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. మీకు నిప్పులా తోచే కాయ చిలుకకు ఉత్త కాయే. లోకంలో ఉన్నది ఒకే మిరపకాయ, దాని అనుభవం మాత్రం తినేవారి నాడులను బట్టి ఉంటుంది.

ప్రశ్న: డల్లాస్‌లో పుట్టిన మా మనవడికి ఐదేళ్లు. ‘తాత’ అనమంటే ‘టాటా’ అంటాడు, ‘పాత’ అన్నా ‘పాట’ అన్నా ఒకటే అంటాడు. చెవిలో లోపమా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ)

జవాబు: మిగిలిన విషయాలలో వినికిడి బాగుంటే చెవిని అనుమానించనవసరం లేదు. చెవికి చేరే ధ్వని అఖండంగా ఉంటుంది, దానిని అక్షరాలుగా కోసేది మెదడు. ఎక్కడ కోయాలో అది తొలి ఏడాదిలోనే చుట్టూ వినిపించే భాషను బట్టి నేర్చుకుంటుంది. కెనడాలో జానెట్ వెర్కర్ బృందం 1984లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా మీ ప్రశ్న మీదనే నడిచింది. ఇంగ్లిషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పసివారు హిందీలోని దంత్య తకారానికీ మూర్ధన్య టకారానికీ తేడాను గుర్తించారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో చాలామంది ఆ శక్తిని పోగొట్టుకున్నారు. హిందీ ఇళ్లలోని పిల్లలకు అది నిలిచే ఉంది.

మీ మనవడి మీద జాలి పడేముందు మన చెవుల సంగతి కూడా చూసుకోవాలి. ఇంగ్లిషులో పడమర దిక్కును వెస్ట్ అంటారు, లోపల వేసుకునే బనియన్‌ను కూడా వెస్ట్ అంటారు. ఆ రెండు మాటల మొదటి ధ్వనులు వేరని ఇంగ్లిషువారి చెవికి స్పష్టంగా తెలుస్తుంది. నేను ముప్పై ఏళ్లుగా ఆ భాష చదువుతున్నాను, ఇప్పటికీ సందర్భాన్ని బట్టే పోల్చుకుంటున్నాను.

ఐదేళ్లకు దారి మూసుకుపోదు, శ్రమ మాత్రం పెరుగుతుంది. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల పసివారికి పన్నెండు విడతలు చైనీస్ మాట్లాడి వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ ధ్వనులను పట్టుకున్నారు, అవే మాటలు రికార్డు చేసిన వీడియోలో చూపినప్పుడు పట్టుకోలేదు. అది పసివారి సంగతే అయినా, టీవీలో పెట్టే తెలుగు పాటలకన్నా సెలవుల్లో కాకినాడలో మీ ఒళ్లో కూర్చుని వినే కథలకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: తాడును చూసి పాము అనుకోవడమనే అద్వైత దృష్టాంతాన్నే నేటి మెదడు శాస్త్రం చెబుతోందని అనుకోవచ్చా? (సంస్కృత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: కొంతవరకు అనుకోవచ్చు. ముందెప్పుడో చూసినది జ్ఞాపకం రూపంలో మరొక చోట భాసించడమే అధ్యాస అని శంకరులు చెప్పిన నిర్వచనం, పాత అనుభవం నేటి దృశ్యాన్ని తీర్చిదిద్దుతుందనే నేటి వివరణకు చాలా దగ్గరగా ఉంది. చీకట్లో తాడు పాముగా కనిపించినంత సులువుగా పాము తాడుగా కనిపించకపోవడానికి కూడా శాస్త్రం ఒక కారణం చెబుతుంది. మొదటి పొరపాటుకు ఒక గెంతు ఖర్చవుతుంది, రెండో పొరపాటుకు ప్రాణమే పోవచ్చు. జగత్తు సత్యమా మిథ్యా అనే ప్రశ్న మాత్రం నేత్రపటలాన్ని పరీక్షించేవారి పరిధిలోకి రాదు, ఆ తీర్పును శాస్త్రం నోట చెప్పించడం నాకు సమ్మతం కాదు.

ఒక తేడాను కూడా గమనించాలి. దీపం తెస్తే దృష్టాంతంలోని పాము తొలగిపోతుంది, కానీ ఇంద్రియ భ్రమలలో చాలా వాటికి దీపం లేదు. పున్నమి నాడు ఉదయించే చంద్రుడు పళ్లెమంత కనిపిస్తాడు, నడినెత్తికి వచ్చేసరికి చిన్నబోతాడు. రెండు వేళలా ఆయన ఆకాశంలో ఆక్రమించే మేర దాదాపు అర డిగ్రీయే. ఒక కన్ను మూసి, చాచిన చేతి చిటికెన వేలి గోరును అడ్డం పెట్టి చూడండి. కొండ అంచున ఉన్నప్పుడూ, నడినెత్తిన ఉన్నప్పుడూ ఆ గోరు చంద్రుణ్ణి ఒకేలా కప్పేస్తుంది. చేయి దించండి, కొండ అంచున ఉన్న చంద్రుడు మళ్లీ పళ్లెమంత అవుతాడు.