విశ్రాంతి కోసం ఇంటికి వస్తున్న మిషనరీ కుటుంబాన్ని సొంతవాళ్లు ఎలా చూసుకోవాలి?

మీ అక్క, బావ, ఇద్దరు పిల్లలు జార్ఖండ్‌లో తొమ్మిదేళ్లు సేవ చేసి, ఆరోగ్యం దెబ్బతిని, విశ్రాంతికీ వైద్యానికీ చిత్తూరు వస్తున్నారని రాశారు. ఇంటివాళ్లుగా, సంఘంగా ఏం చేయాలి, ఎన్ని నెలల్లో కోలుకుంటారు అన్నవి మీ రెండు ప్రశ్నలు. మేము ఇలాగే 2014 ఏప్రిల్‌లో వచ్చాము. ఒడిశాలోని రాయగడ జిల్లా కొండ గ్రామాలలో పదకొండేళ్లు ఉండి, ధన్‌బాద్–అలెప్పి ఎక్స్‌ప్రెస్‌లో కాట్పాడి స్టేషనులో దిగేసరికి మా ఆయన బరువు నలభై తొమ్మిది కిలోలు, నాకు రాత్రిళ్లు నిద్ర లేదు, పిల్లలిద్దరూ మా అత్తగారిని చూసి నా వెనక దాక్కున్నారు. మీవాళ్లు బహుశా అదే బండిలో వస్తారు. నేను రాసేది ఒక్క కుటుంబం అనుభవం మాత్రమే కాబట్టి, ఇందులో మీకు పనికివచ్చేది తీసుకుని మిగిలినది వదిలేయండి.

అన్నిటికన్నా ముందు చెప్పవలసినది ఇది: కనీసం మొదటి మూడు నెలలు వారిని ఎవరూ సాక్ష్యం చెప్పమని, అంటే సంఘం ముందు నిలబడి తమ సేవా అనుభవాలు చెప్పమని, అడగకుండా మీరు అడ్డు నిలబడాలి. మేము బుధవారం చిత్తూరు చేరితే, ఆ ఆదివారమే మా సొంత సంఘంవారు మమ్మల్ని ముందుకు పిలిచి, శాలువా కప్పి, మా ఆయన చేతికి మైకు ఇచ్చారు. అందులో ప్రేమ తప్ప మరొకటి లేదు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. అయితే ఆ తర్వాత పలమనేరు, పుంగనూరు, తిరుపతి అంటూ వరుసగా పిలుపులు వచ్చాయి, వేసవి సెలవులు కావడంతో పిల్లల బైబిలు తరగతులలోనూ మాట్లాడమన్నారు, కాదనడం మా ఇద్దరికీ చేతకాలేదు. మద్దతు పంపిన సంఘాలకు లెక్క చెప్పవలసిన బాధ్యత ఉందనే భావన ఒకటి లోపల ఎప్పుడూ ఉంటుంది.

మా ఆయన ప్రతిచోటా ఒకే సంఘటన చెప్పవలసివచ్చేది. వానాకాలంలో జ్వరంతో ఉన్న నాలుగేళ్ల పిల్లవాడిని ఆయన భుజాన వేసుకుని కొండ దిగుతుండగా, ఆరోగ్య కేంద్రం ఇంకా రెండు మైళ్లు ఉందనగా ఆ పిల్లవాడు ఆయన భుజం మీదనే చనిపోయాడు. దానిని ఇరవై నిమిషాల సాక్ష్యంలో ఇమడ్చాలంటే చివర ఒక విజయం ఉండాలి, ఆ తండ్రి తర్వాత ప్రార్థనకు వచ్చాడని చెప్పాలి, అందరూ ఆమెన్ అనాలి. అది నిజమే, ఆ తండ్రి వచ్చాడు. కానీ మా ఆయన లోపల ఆ పిల్లవాడు ఇంకా భుజం మీదనే ఉన్నాడు. కూటం ముగిశాక జనం కన్నీళ్లతో వచ్చి చేతులు పట్టుకునేవారు, కానుక కవరులో పెట్టి ఇచ్చేవారు, ఆయన ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకునేవారు. ఎనిమిదో సంఘంలో సగం చెప్పి ఆగిపోయి, మైకు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి నేరుగా బస్టాండుకు నడిచి వెళ్లిపోయారు. ఆ వారమంతా ఆయనకు విశ్వాసం సన్నగిల్లిందని మాటలు వినిపించాయి. ఫోను చేసి నన్ను ఓదార్చినవారు కూడా చివరకు, ‘ఇంకా ఎక్కువగా ప్రార్థన చేయించు తల్లీ’ అనే చెప్పారు.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికా నుంచి 1812లో బయలుదేరి బర్మాలో పనిచేసిన అడోనిరామ్ జడ్సన్ ముప్పై మూడేళ్ల తర్వాత, 1845లో, మొదటిసారి స్వదేశం వెళ్లారు. అది కూడా భార్య సారా జబ్బుపడినందువల్లనే, ఆమె దారిలోనే సెయింట్ హెలీనా దీవి రేవులో ఓడలో చనిపోయింది. అక్కడ భార్యను పూడ్చి, ముగ్గురు పిల్లలతో బోస్టన్‌లో దిగిన మనిషిని, జబ్బుతో గొంతు పోయి గుసగుసగా తప్ప మాట్లాడలేకపోతున్నా, సభ తర్వాత సభకు తిప్పారు. ఆయన మెల్లగా అన్నది పక్కన నిలబడినవారు గట్టిగా చెబితే జనం వినేవారు. మన ప్రాంతానికి మిషనరీలు వచ్చే వైపు కథలు బాగా తెలుసు. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్, దానిని మొదలుపెట్టిన అమెరికా మిషనరీలు స్కడ్డర్ల కుటుంబం, వేలూరు ఆస్పత్రి గురించి మనం చర్చి వార్షికోత్సవాలలో చెప్పుకుంటూనే ఉంటాము. తిరిగి వెళ్లినవాళ్లు ఇంటి దగ్గర ఏమయ్యారన్నది మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు, మనం అడగలేదు కూడా. ఇప్పుడు మనవాళ్లే వెళ్లి మనవాళ్లే వస్తున్నారు కాబట్టి అడగవలసిన వంతు మనది.

శరీరం సంగతి త్వరగా చెబుతాను, కానీ తేలికగా తీసుకోకండి. వచ్చిన నాలుగు నెలలకు నాకు చలిజ్వరం వచ్చింది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో టైఫాయిడ్ అనుకుని వారం రోజులు మందులు ఇచ్చారు. చివరకు రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. ఆ రకం పరాన్నజీవి కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి, దోమ కుట్టకపోయినా మళ్లీ లేస్తుంది. దానిని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు తప్పకుండా వేసుకోవాలి, అంతకుముందు ఆ మందు ఒంటికి పడుతుందో లేదో చూసే జీ-సిక్స్-పీడీ అనే రక్తపరీక్ష చేయిస్తే మంచిది, గర్భిణులకు ఆ మందు ఇవ్వరు. నేను అంతకు ముందు కొండమీద అయిదారు రోజులు వేసుకుని, జ్వరం తగ్గింది కదా అని ఆపేసినదాని ఫలితం అది. మీవాళ్లు ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు అడగకపోయినా సరే, ఏ జిల్లా నుంచి వచ్చారో మొదటి మాటగా చెప్పమనండి.

మనసు సంగతికి ఎక్కువ కాలం పట్టింది. మేము జూన్‌లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) వారి బాగాయం మానసిక వైద్య కేంద్రానికి వెళ్లాము. చిత్తూరు నుంచి గంటన్నర ప్రయాణం కూడా కాదు, కానీ ఆ బస్సు ఎక్కడానికి మాకు మూడు వారాలు పట్టింది. సేవకుడు మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లడమేమిటన్న సిగ్గు బయటివాళ్లకన్నా మాకే ఎక్కువ. అక్కడ రోగితోపాటు ఇంటివారు ఒకరు ఉండవలసిందే అన్న పద్ధతి ఉంది, అది మొదట నాకు భారంగా తోచింది, తర్వాత అదే నాకూ వైద్యమైంది. ఆయనకు వచ్చింది డిప్రెషన్ అని, దానికి పేరూ మందూ రెండూ ఉన్నాయని విన్న రోజు మా ఆయన చాలా నెలల తర్వాత ఇడ్లీ రెండోసారి పెట్టించుకున్నారు. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ఆయనను మందలించలేదు, రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. ఈ భాగం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను గానీ, ఆ రెండో నిద్ర గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు.

పిల్లల విషయంలో మేము పెద్ద తప్పు చేశాము, మీరు చేయకండి. మేము ఇంటికి వచ్చామని అనుకున్నాము, వాళ్లు మాత్రం ఇల్లు వదిలి వచ్చారు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు, పుట్టినది, ఆడుకున్నది అంతా ఆ కొండల్లోనే. బంధువులు ఆప్యాయంగానే ‘ఒరియా పిల్ల’ అని పిలిచేవారు, ఆ మాటకు ఆమె ముఖం ముడుచుకునేది. ఒకరోజు మా అత్తగారి పెరట్లో మేకలను లెక్కపెడుతూ, ‘మనం ఇంటికి ఎప్పుడు పోతాము?’ అని అడిగింది. ఇదే ఇల్లమ్మా అని నేను కొట్టిపారేశాను, ఆ తర్వాత ఆమె ఒక సంవత్సరం దాకా అక్కడి భాష ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆమె మాట్లాడే కువి భాషను భాషావేత్తలు తెలుగుతోపాటు ద్రావిడ భాషలలో ఒకే శాఖలో పెడతారని చాలా ఆలస్యంగా తెలుసుకుని చెప్పాను. అప్పుడు ఆమె, ‘అయితే అది తెలుగుకు చెల్లెలా?’ అంది. మీ అక్క పిల్లలు అక్కడి స్నేహితుల గురించి చెబితే కూర్చుని వినండి, ఫొటోలు చూపించమనండి, ఇక్కడ ఎంత బాగుందో చెప్పి మరిపించాలని చూడకండి.

బడి గురించి ఒక్క మాట. అక్కడి నుంచి టి.సి. రావడం ఆలస్యమైందని ఒక బడివారు మా అబ్బాయిని చేర్చుకోలేదు, తెలుగు చదవడం రాదు కాబట్టి అమ్మాయిని రెండు తరగతులు కింద వేస్తామన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చోట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, టి.సి. ఆలస్యం అయిందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. ఇది నాకు అప్పుడు తెలియదు. వారు బండి ఎక్కకముందే మీరు ఒక బడికి వెళ్లి మాట్లాడి ఉంచితే, మీ అక్కకు ఒక నెల నిద్ర మిగులుతుంది.

డబ్బు సంగతి ఎవరూ అడగరు, వాళ్లు చెప్పరు. మమ్మల్ని పంపిన సంస్థ ఆరు నెలలు సగం జీతం ఇచ్చి ఆపేసింది. నెలనెలా మద్దతు పంపే పదిహేడు కుటుంబాలలో పన్నెండు, మేము ఫీల్డులో లేము కాబట్టి, మరొకరికి పంపడం మొదలుపెట్టాయి. వారిని తప్పుపట్టలేను, కానుక ఇచ్చేవారు పని చూసి ఇస్తారు. అయితే మందుల ఖర్చు, ఇంటి అద్దె, బడి ఫీజు అన్నీ కలిసి వచ్చేది సరిగ్గా ఆ విశ్రాంతి నెలల్లోనే. మీ సంఘ కమిటీలో మీ మాట చెల్లితే, పన్నెండు నెలల మద్దతును ముందుగానే తీర్మానం చేయించండి. ప్రతి నెలా ఎవరో ఒకరు దయతలచి ఇవ్వడం వేరు, మినిట్స్ పుస్తకంలో రాసి ఉండడం వేరు.

ఇక ఎన్ని నెలలు అన్న మీ ప్రశ్న. మా తాతగారు 1946లో క్షయ జబ్బుతో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో తొమ్మిది నెలలు ఉన్నారు. వివిధ మిషన్లు కలిసి 1915లో ప్రారంభించిన ఆ శానిటోరియంలో అప్పటికి క్షయకు పనిచేసే మందు ఇంకా అందుబాటులోకి రాలేదు, మంచి గాలి, తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. మొదట మంచం దిగనివ్వలేదని, ఆ తర్వాత వరండా దాకా, ఆ తర్వాత కొలిచి ఇన్ని అడుగులని నడిపించారని, ఒక రోజు ఉత్సాహంలో ఎక్కువ నడిచినందుకు మళ్లీ వారం రోజులు మంచాన పడుకోబెట్టారని ఆయన చెప్పేవారు. మా ఆయన బాగాయం నుంచి వచ్చాక నాకు ఆ మాటలే గుర్తుకువచ్చి, ఇంట్లో అదే పద్ధతి పెట్టాను. మొదట ఇల్లు, తర్వాత వీధి, తర్వాత వెనక బెంచీలో కూర్చుని ఆరాధన ముగియకముందే లేచి రావడం. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. మీవాళ్లకు ఆరు పట్టవచ్చు, ఇరవై పట్టవచ్చు. ‘ఎప్పుడు తిరిగి వెళ్తారు?’ అని మాత్రం ఎవరినీ అడగనివ్వకండి, ఆ ప్రశ్న రోజుకు నలుగురు అడిగేవారు.

మా ఆయన మొదటిసారి గట్టిగా నవ్వినది 2015 జూన్‌లో, బంగారుపాళెం మామిడికాయల యార్డులో. మా మేనమామకు అక్కడ తోతాపురి కాయల వ్యాపారం. లెక్కరాసే మనిషి రాలేదు, నువ్వు వచ్చి తూకాలు రాసిపెట్టు నాయనా అని పిలుచుకుపోయారు. అక్కడ ఆయన మిషనరీ అని తెలిసినవారు ఎవరూ లేరు. లారీలు, దుమ్ము, రైతులకూ దళారులకూ మధ్య కేకలు, ఆ నడుమ కూర్చుని ఆరు వారాలు అంకెలు రాశారు. రైతు ఒకాయన ఆయన చేతిరాత చూసి, ‘ఇంత చక్కగా రాస్తావే, ఏమన్నా చదువుకున్నావా?’ అని అడిగాడట. ఆ రాత్రి అది చెబుతూ నవ్వారు, సంగటి మరో ముద్ద పెట్టమన్నారు.

మేము తిరిగి రాయగడ వెళ్లలేదు. మా ఆయన ఇప్పుడు చిత్తూరులోనే పిల్లలకు లెక్కలు చెబుతారు, ఏడాదికి ఒకసారి ఆ గ్రామాలకు వెళ్లి వస్తారు, రెండేళ్ల కిందట అమ్మాయి కూడా వెంట వెళ్లింది. మీవాళ్లు తిరిగి వెళ్లాలా వద్దా అన్నది వారే తేల్చుకుంటారు. వారు దిగే రోజు మాత్రం కాట్పాడికి బంధువులందరూ దండలతో వెళ్లకండి. మీరొక్కరే ఒక బండి తీసుకుని వెళ్లి, ఇంట్లో వంట చేయించి పెట్టి, తాళంచెవి మీ అక్క చేతిలో పెట్టి, సాయంత్రానికి మీ ఇంటికి వచ్చేయండి. కూర ఏం చేయించాలో ముందుగా పిల్లలను ఫోన్‌లో అడగండి.