బొమ్మలు అస్సలు రానివాళ్లకి 'కుడి మెదడు' పద్ధతి పనిచేస్తుందా?

ముప్పై దాటాక బొమ్మలు నేర్చుకోవచ్చా, కుడి మెదడుతో గీయించే పద్ధతి నిజమేనా అని అడిగారు. పద్ధతి పనిచేస్తుంది. దానికి చెప్పే కారణమే సగం నిజం: ఎడమ మెదడు పేర్లు పట్టుకుంటుందట, కుడి మెదడు ఆకారాలు చూస్తుందట, అందుకని కుడిదాంతో గీయాలట.

నలభై ఏళ్లొచ్చేదాకా నాకు వచ్చిన బొమ్మ ఒక్కటే: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. ఒకసారి పాత వారపత్రికలో కథకి వేసిన గీతల బొమ్మ, పడక్కుర్చీలో ముసలాయనది, ఆ పద్ధతిలో చెప్పినట్టు తలకిందులుగా పెట్టుకుని గీశాను. ఏది ముక్కు, ఏది మోకాలు అని చూడలేదు. ఈ గీత ఎంత వంగింది, పక్కదానికి ఎంత దూరంలో ఉంది, అంతే. ముప్పావుగంట పట్టింది. కాగితం తిప్పితే ముసలాయన దర్జాగా కూర్చునున్నాడు! ఒక చెయ్యి కాస్త సాగిందనుకోండి.

దీన్ని 1979లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చింది బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ డ్రాయింగ్ టీచర్. ఆవిడ ఆధారం మెదడు శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ పరిశోధన. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాలనీ కలిపే నరాల కట్టని కోయించుకున్న రోగులపై చేసిన ఆ పనికి 1981లో ఆయనకి నోబెల్ వచ్చింది. కానీ మనకి ఆ కట్ట తెగలేదు కదా, రెండు సగాలూ కలిసే పనిచేస్తాయి! 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యికి పైగా మెదడు స్కాన్లు చూసి, కుడి మెదడు మనుషులు, ఎడమ మెదడు మనుషులు అంటూ విడిగా లేరన్నారు. కాబట్టి 'మీ కుడి మెదడు తెరుస్తాం' అని ఎవరైనా ఫీజు అడిగితే పర్సు మూసెయ్యండి.

నాకు అర్థమైంది ఇది: పేరు తెలిసిన వస్తువుని మనం చూడటం మానేస్తాం, గుర్తున్నది గీసేస్తాం. మీనాక్షి అని పేర్లు పెట్టుకునే వాళ్లం, కన్ను అనగానే చేప వేసేస్తాం. తలకిందులైతే పేరు పట్టు వదులుతుంది.

ఇప్పుడు ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు పెద్దవాళ్లకి నేర్పిస్తున్నాను. ఒకావిడ ఎప్పుడూ కళ్లు నుదుటి మీద వేసేది. అద్దం ముందు పెన్సిల్‌తో కొలవమన్నాను: నడినెత్తి నుంచి కళ్లకి ఎంతో, కళ్ల నుంచి గడ్డానికి దాదాపు అంతే. "ఇన్నాళ్లూ అందరికీ బుర్ర సగం కోసేశానా!" అని ఒకటే నవ్వు. స్టూలు వేసేటప్పుడు కాళ్లు గీయొద్దంటాను, కాళ్ల మధ్య ఖాళీలు గీయమంటాను. మొదట విసుక్కుంటారు, పది నిమిషాలకి గది నిశ్శబ్దమైపోతుంది.

మీరు ఈ రాత్రే ఒక గీతల బొమ్మ తిప్పి పెట్టుకోండి. పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చూపించకండి, "ఇదేంటి, బల్లా?" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.