ముక్కల నిద్రకు శరీరం అలవాటు పడుతుందా?

ప్రశ్న: నా వయసు 24. గుంటూరు బ్రాడీపేటలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి రూమ్‌లో ఉంటూ గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నాను. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఒక మందుల షాపులో పని చేస్తాను. వారానికి 3 రోజులు పొద్దున్నే బండి మీద విజయవాడ కోచింగ్‌కు వెళ్లొస్తాను. చదువుకు టైమ్ చాలక, ఒక వీడియో చూసి 4 గంటలకోసారి 20 నిమిషాల చొప్పున రోజుకు 6 సార్లు పడుకునే పద్ధతి మొదలుపెట్టాను. ఇవాళ్టికి 11 రోజులు. రాత్రి 8 గంటలకు షాపు వెనక గదిలో అట్టపెట్టెల మీద పడుకుంటే అసలు నిద్రే రాదు. తెల్లవారుజామున 4 గంటలకు పడుకుంటే మాత్రం అలారం మోగినా తెలియడం లేదు, ఫ్రెండ్ నీళ్లు చల్లి లేపుతున్నాడు. ఒకే పేజీ మూడుసార్లు చదవాల్సి వస్తోంది. రోజుకు 7, 8 టీలు తాగుతున్నాను. మొన్న బండి మీద వెళ్తుంటే కాజ టోల్‌గేట్ దాటడం గుర్తుంది, ఆ తర్వాత మంగళగిరి వచ్చేదాకా దారి గుర్తు లేదు. 3 వారాలు ఓర్చుకుంటే శరీరం అలవాటు పడుతుందని ఆ వీడియోలో చెప్పారు. నిజానికి గత రెండు రోజులుగా మొదట్లో ఉన్నంత నిద్రమత్తు అనిపించడం లేదు. కొనసాగించమంటారా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు బండి తాళం మీ ఫ్రెండ్ చేతికి ఇచ్చేయండి. కనీసం 2 వారాలు ఆర్టీసీ బస్సులోనే వెళ్లిరండి. మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం.

కాజ నుంచి మంగళగిరి దాకా దారి గుర్తు లేదన్నారు కదా, ఆ ఒక్క వాక్యం చదివి నాకు గుండె ఝల్లుమంది. నిద్ర బాగా కరువైనప్పుడు మెదడు మనల్ని అడగకుండానే కొన్ని సెకన్లు ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు, చెయ్యి యాక్సిలరేటర్ మీదే ఉండొచ్చు, కానీ ఎదురుగా ఉన్నది మెదడుకు చేరదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇలా 4 సెకన్లు గడిస్తే బండి 65 మీటర్లకు పైగా వెళ్లిపోతుంది. అది హైవే. ముందు లారీ బ్రేక్ వేస్తే అంతే సంగతులు. 17 గంటలు వరసగా మెలకువగా ఉన్న మనిషి చేతుల పనితనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా తగ్గిపోతుందని 1997లోనే పరీక్షించి చూశారు. మన దేశంలో డ్రైవింగ్‌కు చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. మీరు 17 గంటలు కాదు, 11 రోజులుగా రోజుకు 2 గంటల నిద్రతో నెట్టుకొస్తున్నారు.

ఇక మీ ప్రశ్న. కొనసాగించొద్దు. ఇవాళే ఆపేయండి.

ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను. మీలాగే ఇది మొదలుపెట్టిన పిల్లలు ఇటీవల నా ఓపీకి కూడా వస్తున్నారు. ఎవరూ బద్ధకంతో చేయడం లేదు, జీవితంలో పైకి రావాలనే తపనతోనే చేస్తున్నారు. అందుకే నాకు బాధ.

"ఇప్పుడు మొదట్లో ఉన్నంత నిద్రమత్తు లేదు" అన్నారు. మీకు ఆశ కలిగించిన ఈ మాటే నాకు అన్నిటికన్నా భయం కలిగించింది. 2003లో అమెరికాలో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న 48 మందిని గుంపులుగా విడదీసి 14 రోజుల పాటు కొందరిని రోజూ 8 గంటలు, కొందరిని 6, కొందరిని 4 గంటలే పడుకోనిచ్చారు. రోజంతా వాళ్ల చురుకుదనాన్ని కొలిచారు. 6 గంటలు, 4 గంటలు పడుకున్న వాళ్ల పనితనం రోజురోజుకూ దిగజారుతూనే పోయింది. చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయని వాళ్ల స్థాయికి వచ్చింది. కానీ "నిద్ర వస్తోందా?" అని అడిగితే, మొదటి కొద్ది రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. ఫర్వాలేదు, అలవాటైపోయింది అన్నట్టే చెప్పారు. అంటే అలవాటు పడింది నిద్ర తగ్గడానికి కాదు, మత్తులో ఉండటానికి. తాను ఎంత మత్తులో ఉన్నదీ తెలుసుకోవాల్సింది కూడా ఆ మెదడే కదా!

ఇది నాకు స్వానుభవం. పీజీ చేసే రోజుల్లో వరసగా రెండో రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున ఒక షుగర్ పేషెంట్ కేస్ షీటులో ఇన్సులిన్ 8 యూనిట్లు రాయాల్సిన చోట 18 అని రాశాను. నైట్ డ్యూటీలో ఉన్న సీనియర్ నర్సమ్మ సిరంజి పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "డాక్టరుగారూ, ఒకసారి చూస్తారా" అంది. చూశాను. నా చేతిరాతే. కింది వాక్యంలో పెన్ను గీత పేజీ అంచుదాకా జారిపోయి ఉంది. ఆ క్షణంలో నాకు నిద్ర వస్తున్నట్టే లేదు. హుషారుగా ఉన్నాననే అనుకుంటున్నాను. ఆవిడ అడగకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మీరు పనిచేసేదీ మందుల షాపులోనే. ఒకే పేరులా వినిపించే మందులు, 5 మిల్లీగ్రాముల పక్కనే 50 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు మీ చేతుల మీదుగా వెళ్తుంటాయి. ఇది మీ ఒక్కరి చదువుకు సంబంధించిన విషయం కాదు.

ఇప్పుడు రాత్రి 8 గంటలకు నిద్ర రాకపోవడం, తెల్లవారుజామున 4 గంటలకు లేవలేకపోవడం గురించి. ఇందులో మీ తప్పేమీ లేదు, మీ శరీరం సరిగ్గానే ఉంది. మన నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. ఇది ఒకటి. రెండోది మెదడు లోపలి గడియారం. కంటి నుంచి వచ్చే వెలుతురును బట్టి అది పగలు, రాత్రి తేడా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గడియారం కణాల్లో ఎలా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మామూలుగా పొద్దుపోయాక పడుకునే మనిషిని ఈ గడియారం సాయంత్రం 7 నుంచి 9 మధ్య గట్టిగా మేల్కొలిపి ఉంచుతుంది. అందుకే అట్టపెట్టెల మీద ఎంత దొర్లినా మీకు కన్ను అంటుకోవడం లేదు. తెల్లవారుజామున మాత్రం అదే గడియారం పడుకోమని లాగుతుంది. ఒంటి వేడి బాగా తగ్గే సమయం అది. నీళ్లు చల్లినా లేవలేకపోవడం సహజం. 4 గంటలకోసారి పడుకుంటామని మనం టైమ్‌టేబుల్ రాసుకోవచ్చు, ఆ గడియారం మాత్రం 24 గంటల లెక్కనే తిరుగుతుంది. దాన్ని 3 వారాల్లోనే కాదు, 3 ఏళ్లలోనూ 4 గంటల లెక్కకు మార్చలేం.

ఆ వీడియోలు చేసేవాళ్లు ఇంకో మాట అంటారు. అలవాటయ్యాక మెదడు అనవసరమైన నిద్ర వదిలేసి, 20 నిమిషాల్లోనే నేరుగా గాఢ నిద్రలోకి, కలల నిద్రలోకి దిగిపోతుందని. సగం నిజం కాబట్టే నమ్మబుద్ధి అవుతుంది. బాగా నిద్ర కరువైన వాళ్లు పడుకోగానే అలా దిగిపోయే మాట వాస్తవం. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. అలా దిగిపోవడం కరువుకు గుర్తు, నేర్చుకున్న విద్య కాదు. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తులుగా నడుస్తుంది. గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో, కలల నిద్ర ఎక్కువగా తెల్లవారే ముందు వస్తాయి. పగలు చదివిన ఆర్టికల్స్, చరిత్ర తేదీలు మెదడులో కుదురుకునేది ఈ నిద్రలోనే. రోజుకు 5 గంటలు మిగిలాయని మీరు అనుకుంటున్నారు. ఒకే పేజీ మూడుసార్లు చదువుతున్నారంటే ఆ గంటలు ఎటు పోయాయో మీకే అర్థమవుతుంది. కుదురుకునే సమయం ఇవ్వకుండా చదివే చదువు బూడిదలో పోసిన పన్నీరే.

ఈ పద్ధతికి ఉదాహరణగా కొందరు గొప్పవాళ్ల పేర్లు చెబుతారు. డావిన్సీ ఇలాగే పడుకునేవాడంటారు, దానికి ఆయన కాలం నాటి ఆధారమేదీ లేదు. అమెరికా ఇంజినీరు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 6 గంటలకోసారి అరగంట పడుకున్నట్టు 1943లో టైమ్ పత్రిక రాసింది. ఆయన కూడా కొంతకాలానికి మానేశాడు. సముద్రంలో ఒంటరిగా పడవ పోటీలకు వెళ్లేవాళ్లు ముక్కలుగా పడుకుంటారు, అది వాళ్లకు గతిలేక. పసిపిల్లలు కూడా ముక్కలుగానే పడుకుంటారు కదా అంటారా? అవన్నీ కలిపితే రోజుకు 14 నుంచి 17 గంటలు! 2021లో అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నిపుణుల బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని, ఈ పద్ధతుల వల్ల లాభం ఉందనడానికి ఆధారాల్లేవని, ఆరోగ్యానికీ పనితనానికీ నష్టమేనని తేల్చింది.

నిద్రను రెండుగా చేసుకోవడం మాత్రం తప్పు కాదు. రాత్రి నిద్ర, మధ్యాహ్నం భోజనం చేశాక ఒక కోడికునుకు. మన కృష్ణా, గుంటూరు ఎండల్లో తాతల నాటి నుంచి ఉన్నదే. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య శరీరం కాస్త వాలుతుంది కూడా. దూర ప్రయాణాల విమాన పైలట్లకు నాసా వాళ్లు 40 నిమిషాలు పడుకునే వీలిస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాత పనిలో చురుకుదనం బాగా పెరిగింది. అయితే ఆ కునుకు రాత్రి నిద్రకు తోడుగా ఉండాలి, దానికి బదులుగా కాదు.

మీ రోజును నేనిలా సర్దుతాను. తొమ్మిదిన్నరకు షాపు అయిపోతుంది. పదిన్నరకల్లా భోజనం ముగించి, పదకొండుంబావుకు ఫోన్ దూరంగా పెట్టేయండి. రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం ఆరున్నర వరకు 7 గంటలు ఎవరేమన్నా నిద్రే. పెద్దవాళ్లకు 7 గంటలు కనీసం. లేవగానే పావుగంట డాబా మీద వెలుతురులో తిరగండి, లోపలి గడియారానికి అదే తాళంచెవి. మధ్యాహ్నం రెండింటికి 25 నిమిషాల అలారంతో కునుకు. షాపు 5 గంటలు, స్నానం, భోజనం, ఇతర పనులకు 3 గంటలు తీసేసినా చదువుకు 8 గంటలు ఉంటాయి. కోచింగ్ ఉన్న రోజుల్లో ఆ 8 గంటల్లో కొంత క్లాసుకూ దారికీ పోతుంది, దానికి బాధపడకండి. తేలిగ్గా ఉండే నోట్స్ బస్సులో తిరగేసుకోండి, కునుకొస్తే బస్సులోనే తీయండి.

టీలు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది. రోజుకొకటి తగ్గిస్తూ 2, 3కు తీసుకురండి. సాయంత్రం 4 దాటాక వద్దు, షాపులో అందరికీ వచ్చే టీతో సహా. తాగిన కెఫీన్‌లో సగం 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రూమ్ వేడిగా ఉంటే పడుకునే ముందు చన్నీళ్లు పోసుకోండి. ఫ్రెండ్స్ లైట్ వేసుకుని చదువుతుంటే కళ్ల మీద నల్లటి గుడ్డ కట్టుకోండి. ఇంకో విషయం మనసులో పెట్టుకుని చెబుతున్నాను. నిద్ర రాకుండా చేసే మాత్రలు మీ చేతికందేంత దూరంలోనే ఉంటాయి. మోడాఫినిల్ లాంటివి డాక్టర్ చీటీ లేకుండా తీసుకునేవి కావు. అవి నిద్ర బాకీ తీర్చవు, బాకీ సంగతి తెలియకుండా చేస్తాయి.

మొదటి రెండు రాత్రులు 9, 10 గంటలు పడుకున్నా కంగారు పడకండి. కలలు కూడా విపరీతంగా రావొచ్చు. ఇన్నాళ్లూ ఆగిపోయిన నిద్రను మెదడు రాబట్టుకుంటోందని అర్థం. మూడో రోజు నుంచి ఆరున్నరకే లేవండి. మీకు గానీ, కుటుంబంలో గానీ ఫిట్స్, బైపోలార్ సమస్య (మనసు విపరీతమైన హుషారుకూ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు) ఉంటే మాత్రం నా జవాబుతో సరిపెట్టుకోవద్దు, వెంటనే డాక్టరును కలవండి. నిద్ర తగ్గితే ఇవి తిరగబెడతాయి.

నైట్ షిఫ్టుల్లో ఉండే నర్సులు, మిర్చి యార్డులో రాత్రిళ్లు లారీలు దించే అన్నలు కూడా ఇది చదువుతుంటారు. మీకు ఒకే దఫా 7 గంటలు దొరకడం కష్టమే. రెండు దఫాలుగా అయినా మొత్తం 7 గంటలు పూర్తి చేయండి. అందులో ఒక 4 గంటలు డ్యూటీ ఉన్నా లేకున్నా రోజూ ఒకే వేళకు వచ్చేలా చూసుకోండి.

గుంటూరు తమ్ముడూ, 2 వారాల పాటు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో, పగలు కళ్లు మూతలు పడ్డాయా లేదా ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి. మీరు గురక పెడతారా అని ఫ్రెండ్స్‌ని అడిగి అదీ రాసుకోండి. రాత్రి 7 గంటలు పడుకున్నా పగలు మత్తు వదలకపోతే అది వేరే సమస్య కావొచ్చు, పరీక్ష చేయాలి. అప్పుడు దగ్గర్లోని పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టరును) గానీ న్యూరాలజిస్టును (మెదడు, నరాల డాక్టరును) గానీ కలవండి. ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. వెళ్లేది మాత్రం బస్సులోనే.