బిలంలోకి దిగబోయే మేనకోడలికి

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే శనివారం గుహల క్లబ్బువాళ్ళతో ఇక్కడి లాంగ్ చర్న్ గుహకి వెళ్తున్నానని, "బెలుం గుహలు చూశాను కదత్తా, ఇవీ అలాంటివేగా" అని రాశావు. ఆ ఒక్క ముక్క చదివే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్‌లో చెప్తే "సరే సరే" అని పెట్టేస్తావు.

బెలుంలో లైట్లున్నాయి, మెట్లున్నాయి, కాలికింద చదునైన బాట ఉంది. 3,229 మీటర్ల గుహలో మనం టికెట్ కొని నడిచేది కిలోమీటరున్నర. మొత్తం గుహని 1982-83లో జర్మనీ నుంచి గెబావర్ అనే గుహాన్వేషకుడి బృందం వచ్చి, చీకట్లోకి దూరి కొలిచింది. నా చిన్నప్పుడు తాడిపత్రిలో బెలుం చూసొద్దామని అన్నవాళ్ళు ఎవరూ లేరు. చుట్టుపక్కలవాళ్ళు చెత్త పారేసేవాళ్ళని విన్నాను. జనానికి తెరిచింది 2002లో. అప్పటికి నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లో పన్నెండేళ్ళుగా గుహల్లో పాకుతున్నాను. ఇంటి పక్క బిలాన్ని వదిలేసి ఇంత దూరమొచ్చి ఈ బురదలో దొర్లావా అని మీ నాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

బెలుంలో చెమట కారుతుంది. ఇక్కడి గుహల్లో ఏడాది పొడుగునా ఎనిమిది డిగ్రీల చలి, దాంతోపాటు నీళ్ళు. సున్నపురాయి కొండ మీద వాన కురిస్తే ఆ నీళ్ళు కొండమీద నిలవవు, పగుళ్ళలోంచి లోపలికే పోతాయి. నువ్వు నడిచే దారి ఆ నీళ్ళు తొలుచుకున్నదే, ఇప్పటికీ వాటిదే. ఇంకో మాట, ఇక్కడివాళ్ళు పాట్‌హోల్ అంటే మన రోడ్ల మీది గుంత అనుకోకు. నిట్టనిలువుగా దిగే బావిలాంటి బిలం అది. అడ్డంగా పోయేది కేవ్, నిలువుగా దిగేది పాట్.

సామాను ఏదీ కొనకు. హెల్మెట్, దీపం, బెల్టు, పైన తొడుక్కునే ఓవర్‌సూట్ క్లబ్బే ఇస్తుంది. ఆరు నెలలు వెళ్ళాక కూడా మోజు తీరకపోతే అప్పుడు కొనుక్కుందువుగాని. లోపల వేసుకునే బొచ్చు సూట్, వాళ్ళు ఫర్రీ అంటారు, నాది పాతది ఉంది, ఇస్తాను. జీన్స్, కాటన్ బట్టలు వద్దే వద్దు. తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తాయి. కాళ్ళకు వెల్లింగ్టన్ అనే రబ్బరు బూట్లు, మోకాళ్ళకు ప్యాడ్లు తప్పనిసరి. మొదటిసారి ప్యాడ్లు లేకుండా వెళ్ళి వారం రోజులు మెట్లు కూర్చుని దిగాను. దీపాలు రెండుండాలి. రెండోది బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండాలి.

నీ జడ సంగతి. నాకూ అప్పట్లో నడుముదాకా ఉండేది. తాడు మీద దిగేటప్పుడు ఛాతీ ముందర డిసెండర్ అనే పరికరం ఉంటుంది, తాడు దానిలోంచి జారుతుంది. వేలాడే జుట్టు అందులోకి పోయిందంటే దిగలేవు, ఎక్కలేవు. జడ గట్టిగా అల్లి, మడిచి, హెల్మెట్ కిందకో సూట్ లోపలికో తోసెయ్యి. గొలుసు, ఉంగరాలు, చెవులకు వేలాడేవి అన్నీ ఇంట్లో తీసిపెట్టు. అమ్మమ్మ ఇచ్చిన గొలుసు ఎప్పుడూ తీయనని నాతో వాదించకు, ఆ వాదన నేను నా అత్తగారితో చేసేశాను.

ఇదంతా వాళ్ళూ చెప్తారు. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. అది మన మొహమాటం.

నా మూడో ట్రిప్పు, ఫిబ్రవరి నెల. వెళ్ళే ముందు ఎవరో "లోపల వెచ్చటివి వేసుకున్నావా?" అని అడిగితే వేసుకున్నానన్నాను. వేసుకున్నది కాటన్ సల్వారు, దానిమీద స్వెటరు. ఫర్రీ అరువడగడానికి సిగ్గు. రెండు గంటలయ్యేసరికి నడుముదాకా తడిసి, ఒక నిచ్చెన కింద నా వంతు కోసం నిలబడ్డాను. వేళ్ళు ముడవడం లేదు. పెదాలు మొద్దుబారాయి. "ఓకేనా?" అని మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ "ఫైన్" అన్నాను. మమ్మల్ని తీసుకెళ్ళిన పెద్దాయన రాతి క్వారీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ మాట నమ్మలేదు. వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నాడు. నేను ఫార్మసిస్టుని, రోజంతా మాత్రలు లెక్కపెట్టేదాన్ని. వంద, తొంభై మూడు, ఎనభై ఆరు. అక్కడ ఆగిపోయాను. తర్వాతేంటో ఎంతకీ తోచలేదు. ఆయన ఇంకో మాట లేకుండా అందరినీ వెనక్కి తిప్పాడు.

కారు దగ్గర నేను ఏడ్చింది చలికి కాదు, ఏడుగురి శనివారం నావల్ల పాడైందని. ఆయన ఫ్లాస్కులోంచి సూప్ పోసిచ్చి, ఇకనుంచి తన పార్టీలో "ఫైన్" అనే మాట నిషేధం అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

మనింట్లో ఎవరైనా ఏదైనా పెట్టబోతే ముందు వద్దంటాం, రెండోసారీ వద్దంటాం, మూడోసారి బలవంతం చేస్తే తీసుకుంటాం. మన దగ్గర అది మర్యాద. వీళ్ళ దగ్గర మొదటి "వద్దు"కే చెయ్యి వెనక్కి పోతుంది. పొడి గ్లవ్స్ ఉన్నాయి, కావాలా అంటే వద్దన్నావనుకో, అవి బ్యాగులోకి పోతాయి, మళ్ళీ అడగరు. వాళ్ళది కఠినత్వం కాదు, నీ మాటను నమ్మడం. అందుకే చలేస్తే చలేస్తోందని చెప్పు. భయమేస్తే భయమేస్తోందని చెప్పు. ముడి అర్థం కాకపోతే నాలుగోసారైనా చూపించమను. టాయిలెట్ కోసం ఆపమనాల్సి వచ్చినా చెప్పు, అక్కడ అందరూ దాన్ని దాటొచ్చినవాళ్ళే. లోపలికి వెళ్ళే ముందే వెళ్ళిరావడం ఇంకా మంచిది, ఆ సూట్లు విప్పడం ఒక యజ్ఞం.

లోయర్ లాంగ్ చర్న్‌లో చీజ్ ప్రెస్ అని ఒక చోటుంది. రెండు బండల మధ్య పలకలా సన్నటి సందు, పొట్ట మీద పాకాలి, తల పక్కకు తిప్పుకోవాలి. కుర్రాళ్ళంతా ఉత్సాహంగా దూరుతారు. దాని పక్కనే తేలిగ్గా పోయే దారి ఇంకొకటుంది. అది ఉందని నీకు ఎవరూ చెప్పకపోవచ్చు, అందుకే నేను చెప్తున్నాను. నేను ఇన్నేళ్ళలో చీజ్ ప్రెస్‌లో రెండే సార్లు దూరాను, రెండోది పందెం కోసం.

ఆ దారి చివర, డాలీ టబ్స్ అనే నిలువు దిగుడు దాటాక, కిందికి చూస్తే ఆలం పాట్ అనే పెద్ద నిలువు బిలం అడుగుకి పైనుంచి దిగే వెలుతురు కనిపిస్తుంది. గంటన్నర చీకటి తర్వాత ఆ పచ్చటి వెలుతురు, దానిలో పడుతున్న నీటి తుంపర. దానికోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. అక్కడ తాడు లేకుండా అంచుకి పోకు.

వాన గురించి క్లబ్బువాళ్ళు చూసుకుంటారులే అనుకోకు, నువ్వూ చూడు. ఆ రోజు వానే కాదు, అంతకుముందు రెండు రోజులు ఎంత కురిసిందో చూడు. కొండమీది పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన మట్టి, స్పాంజిలాంటిది, నిండాక పడిన ప్రతి చుక్కా బిలంలోకే. ఇక్కడికి దగ్గర్లోనే, మాస్‌డేల్ గుహలో, 1967 జూన్ 24న ఒక్క వరదలో ఆరుగురు కుర్రాళ్ళు పోయారు. జూన్ నెల, చూశావా. మేము ఇప్పటికీ ఆ పేరు గొంతు తగ్గించే పలుకుతాం. గుహలో పైకప్పుకి నురగో గడ్డిపోచలో అంటుకుని కనిపిస్తే, నీళ్ళు ఒకప్పుడు అంతదాకా వచ్చాయని అర్థం. అలాంటి చోట ఆగి ఫోటోలు తీసుకోవద్దు. ఆకాశం తేడాగా ఉంటే, కారేసుకుని అంత దూరం వచ్చాం కదా అని దిగకూడదు. టీ తాగి ఇంటికి రావడమే.

వాలి బిలంలోకి వెళ్ళినప్పుడు బయట సుగ్రీవుణ్ణి కాపలా పెట్టాడు కదా. ఏడాది చూసి, నెత్తురు చూసి, చచ్చిపోయాడనుకుని బండ అడ్డం పెట్టి వెళ్ళిపోయాడు. ఎప్పటిదాకా చూడాలి, రాకపోతే ఏం చెయ్యాలి అని వాలి చెప్పి ఉంటే ఆ గొడవంతా లేకపోయేది. నువ్వు మాత్రం చెప్పి వెళ్ళు. దీన్ని ఇక్కడ కాల్ఔట్ అంటారు. ఏ గుహ, ఎంతమంది, కారు ఎక్కడ పెట్టారు, ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే కంగారు పడాలి, ఇవన్నీ కాగితం మీద రాసి నీ రూమ్మేట్‌కి ఇవ్వు. ఆ టైము దాటితే 999కి చేసి, పోలీసులను అడిగి, కేవ్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ఇక్కడి క్లాపమ్ ఊళ్ళో కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్ 1935 నుంచి ఉంది. అందరూ వాలంటీర్లే, మనల్ని పైకి తెచ్చినందుకు డబ్బు అడగరు. అందుకే వాళ్ళను ఊరికే నిద్రలేపకూడదు. ఒకసారి మేము బయటికొచ్చి, సిగ్నల్ లేదు కదా అని ముందు పబ్బులో కూర్చున్నాం. మీ మామయ్య ఇక్కడ రెండు తొమ్మిదులు నొక్కి మూడోదాని మీద వేలు పెట్టి ఉన్నాడు. ఆ రాత్రి ఇంట్లో జరిగిన వరద ముందు ఏ బిలంలోని వరదా చాలదు.

పబ్బు అంటే గుర్తొచ్చింది. క్లబ్బు మీటింగులు చాలావరకు అక్కడే. తాగకపోతే ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని కూర్చో, ఎవరూ అడగరు. అసలు క్లబ్బు మంచిదో కాదో అక్కడే తెలుస్తుంది. ఎంత లోతుకి వెళ్ళామో మాత్రమే చెప్పేవాళ్ళుంటే జాగ్రత్త. ఎక్కడ వెనక్కి తిరిగామో కూడా నవ్వుతూ చెప్పుకునేవాళ్ళతో వెళ్ళు. సభ్యత్వంతో వచ్చే ఇన్సూరెన్సు నీవల్ల ఇతరులకు నష్టం జరిగితే పనికొచ్చేది, నీ కాలు విరిగితే కాదు. ఫారం చదివి సంతకం పెట్టు.

లోపల గడ్డిపరకల్లా సన్నగా వేలాడే తెల్లటి సున్నపు గొట్టాలు కనిపిస్తాయి. గుళ్ళో స్తంభాన్ని తడిమినట్టు తడమకు. వేలు తగిలితే చాలు, విరుగుతాయి. మనవల మనవలు చూసేసరికి కూడా మళ్ళీ పెరగవు. గబ్బిలాలుంటే దీపం వాటి మీద వెయ్యకుండా దాటిపో. పైన రైతు గేటు ఎలా ఉంటే అలాగే మూసిరా. ఆయనకు కోపమొస్తే దారి అందరికీ పోతుంది.

ఇంకోటి. తాడుకి ఎదురు చూస్తూ నిలబడినప్పుడు నీ కాలికింద రాయి జారితే "బిలో!" అని, అంటే కిందివాళ్ళూ జాగ్రత్త అని, అరవాలి. నేనొకసారి కంగారులో "రాయి! రాయి!" అని అరిచాను. కింద ఇద్దరూ తలెత్తి చూశారు. రాయి పక్కన పడింది కాబట్టి ఈ కథ నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. ఇంట్లో పది సార్లు అరిచి అలవాటు చేసుకో. రూమ్మేట్ ఏమైనా అనుకోనీ.

తాడు మీద దిగడం నేర్చుకోవడానికి తొందరపడకు. ముందు ఏదైనా గోడ మీదో చెట్టు మీదో, నేలకు రెండు మీటర్ల ఎత్తులో, దిగడం నుంచి ఎక్కడానికి మారడం చేతికి అలవాటవ్వాలి. కళ్ళు మూసుకుని చెయ్యగలిగినప్పుడు నాకు చెప్పు. గేపింగ్ గిల్ అనే నిలువు బిలం చూడాలని ఉందన్నావు కదా. సుమారు వంద మీటర్ల లోతు, పైనుంచి వాగు దూకుతూ ఉంటుంది. 1895 ఆగస్టులో మార్టెల్ అనే ఫ్రెంచాయన తాడు నిచ్చెన మీద మొదటిసారి అడుగుదాకా దిగాడు. నీకు నిచ్చెన అక్కర్లేదు. మే నెలాఖరులో బ్రాడ్‌ఫర్డ్ పాట్‌హోల్ క్లబ్బు, ఆగస్టులో క్రేవెన్ పాట్‌హోల్ క్లబ్బు వించి, అంటే తాడు చుట్టే యంత్రం, పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి జనాన్ని దింపుతారు. దిగడం ఉచితం, పైకి రావడానికే డబ్బులు అని పాత జోకు ఒకటుంది. మేలో ఇద్దరం వెళ్దాం. పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడాలి, పులిహోర నేను తెస్తాను.

శుక్రవారం సాయంత్రం లీడ్స్‌లో రైలెక్కి సెటిల్‌లో దిగు, మామయ్య స్టేషన్‌కి వస్తాడు. ఫర్రీ ఉతికి ఆరేసి పెట్టాను, చేతులు నీకు కాస్త పొడుగవుతాయి, మడుచుకో. ఉన్ని సాక్స్ రెండు జతలు తెచ్చుకో. పల్లీ చిక్కీ చేశాను, జేబులో పెట్టుకో, ముక్కలు లోపల రాల్చకు. మీ నాన్నకు శనివారం సంగతి నువ్వు చెప్పకు. నువ్వు బయటికొచ్చి నాకు ఫోన్ చేశాక నేను చెప్తాను.

ప్రేమతో,
మీ అత్త