తేదీ వెనక్కి పోతూ, విండోస్ నీలి తెరతో ఆగిపోతుంటే

కంప్యూటర్ ఆన్ చేయగానే ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ (దాచి ఉంచిన సెట్టింగులు చెడిపోయాయనే సందేశం) వచ్చి తేదీ వెనక్కి పోవడానికీ, ఎఫ్1 నొక్కి ముందుకు వెళ్తే విండోస్ 7 నీలి తెరతో ఆగిపోవడానికీ కారణం బహుశా ఒకటే: మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయింది. అందుకే గోడ స్విచ్ ఆపిన ప్రతిసారీ బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు చెరిగిపోతున్నాయి. హార్డ్ డిస్క్ పాడైందని తొందరపడి విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి.

1. పవర్ కేబుల్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి.

2. కేసు లోహభాగాన్ని తాకిన తర్వాత పాత బ్యాటరీ తీసి, అదే నంబరు గల కొత్తది (సాధారణంగా 3 వోల్టుల సీఆర్ 2032) పాతది ఉన్న దిశలోనే అమర్చండి.

3. బయోస్‌లో తేదీ, సమయం సరిచేయండి.

4. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ నీలి తెర పోవాలంటే బయోస్‌లోని సాటా మోడ్‌ను (మదర్‌బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని) కూడా చూడాలి. విండోస్‌ను ఏహెచ్‌సీఐ (కొత్త పద్ధతి) మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉండగా, సెట్టింగులు చెరిగినప్పుడు ఆ మోడ్ ఐడీఈకి (పాత పద్ధతికి) మారిపోతే, అవసరమైన డ్రైవర్ (డిస్క్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) మొదలు కాక విండోస్ తన డిస్క్‌నే చదవలేకపోతుంది. ఇప్పుడు ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐకి, ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈకి మార్చి చూడండి. ఈ రెండింటి మధ్య మార్చినంత మాత్రాన ఫైళ్లు పోవు. గతంలో రెయిడ్ (పలు డిస్క్‌లను కలిపి వాడే పద్ధతి) వాడి ఉంటే మాత్రం తిరిగి రెయిడ్‌నే ఎంచుకోవాలి.

5. బూట్ క్రమంలో (కంప్యూటర్ ఏ డిస్క్ నుంచి ముందు మొదలవ్వాలో చెప్పే జాబితాలో) విండోస్ ఉన్న డిస్క్‌ను ముందుంచి, సెట్టింగులను సేవ్ చేసి బయటకు రండి.

తర్వాత కేబుల్‌ను కాసేపు పూర్తిగా తీసి ఉంచి, మళ్లీ ఆన్ చేసి, తేదీ నిలిచిందో లేదో చూడండి.